నల్ల డబ్బా అడుగున దాగిన లెక్క: పాత థింక్‌ప్యాడ్ల డిజైన్

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. అక్కడి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ షాపుల్లో కాసేపు నిలబడితే ఒక తేడా గమనించవచ్చు. కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా మూత తెరిచి స్క్రీన్ చూస్తారు. కౌంటర్ లోపలున్న మెకానిక్ మాత్రం ముందు మెషీన్‌ను బోర్లా తిప్పుతాడు. అడుగున స్క్రూలు అన్నీ ఉన్నాయా, ఎవరైనా ఇంతకుముందు విప్పారా, బ్యాటరీ గట్టిగా కూర్చుందా, హార్డ్ డిస్క్ మూత ఉందా అని చూస్తాడు. ఆ తర్వాతే స్విచ్ నొక్కుతాడు.

ఐబీఎం మొదలుపెట్టి, తర్వాత లెనోవో చేతికి వెళ్ళిన థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల విషయంలో ఆ మెకానిక్ చూసే పద్ధతే సరైనది. ఈ సిరీస్ గురించి ఎవరు మాట్లాడినా నల్ల రంగు, కీబోర్డు మధ్యలో ఎర్ర చుక్క అంటూ మొదలుపెడతారు. ఆ రెండూ నిజంగా గొప్పవే. కానీ పది పదిహేనేళ్ళ కిందటి మెషీన్లు ఈ ఊళ్ళో ఇంకా చేతులు మారుతున్నాయంటే, అమీర్‌పేట హాస్టల్ గదుల్లో వాటిమీద కోడింగ్ నేర్చుకునేవాళ్ళు ఉన్నారంటే, అసలు కారణం మెషీన్ అడుగున ఉంది. ఈ ల్యాప్‌టాప్‌ను గీసినవాళ్ళు వాడేవాడి కంటికి నచ్చాలని ఎంత ఆలోచించారో, విప్పేవాడి చేతికి అందాలని అంతే ఆలోచించారు.

అలా ఎందుకు ఆలోచించారో తెలియాలంటే మొదటి మోడల్ ధర చూడాలి. 1992 అక్టోబర్ 5న ఐబీఎం థింక్‌ప్యాడ్ 700 వరసను ప్రకటించింది. అందులో పై మెట్టు మోడల్ 700సీ ధర 4,350 డాలర్లు. దానికి వచ్చేది 10.4 అంగుళాల రంగుల తెర, 25 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ఇంత డబ్బు సొంత జేబులోంచి పెట్టే మనిషి ఆ రోజుల్లో అమెరికాలో కూడా అరుదు. కొనేది కంపెనీ. కంపెనీకి ల్యాప్‌టాప్ అందం ముఖ్యమే గానీ, అంతకంటే ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. మెషీన్ పాడైతే ఉద్యోగి ఎన్ని గంటలు ఖాళీగా కూర్చోవాలి? ఆ గంటల ఖరీదు ముందు స్పేర్ పార్టు ఖరీదు ఏమాత్రం? అందుకే విడిభాగాన్ని అక్కడికక్కడే మార్చి, మనిషిని వెంటనే పనిలో కూర్చోబెట్టగలిగే మెషీన్ కావాలి. బిజినెస్ ల్యాప్‌టాప్ అన్న మాటకు అసలు అర్థం ఇదే.

ఐబీఎంకు అది మంచి కాలం కాదు. 1992లో ఆ కంపెనీకి దాదాపు 500 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. అప్పటివరకు అమెరికా కంపెనీల చరిత్రలో ఒక్క ఏడాదిలో అంత నష్టం ఎవరికీ రాలేదు. 1978లో మన దేశం వదిలి వెళ్ళిపోయిన ఐబీఎం, టాటాలతో కలిసి మళ్ళీ ఇక్కడ అడుగుపెట్టింది కూడా 1992లోనే. థింక్‌ప్యాడ్ అన్న పేరు మాత్రం పాతకాలపుది. కంపెనీని పెంచి పెద్దచేసిన థామస్ వాట్సన్‌కు ‘థింక్’ అన్న ఒక్క మాట మంత్రం లాంటిది. ఆ మాట అచ్చువేసిన చిన్న జేబు నోటుపుస్తకాలు ఐబీఎం ఉద్యోగుల దగ్గర ఉండేవి. ఆ ప్యాడ్ పేరే ల్యాప్‌టాప్‌కు వచ్చింది.

రూపం ఇచ్చింది రిచర్డ్ సాపర్. 1932లో మ్యూనిక్‌లో పుట్టి, మిలాన్‌లో స్థిరపడిన డిజైనర్. 1972లో ఆయన గీసిన టిజియో టేబుల్ ల్యాంపు కూడా నలుపే, అందులోనూ అనవసరమైన గీత ఒక్కటి ఉండదు. థింక్‌ప్యాడ్‌కు ఆయన తీసుకున్న ఊహ జపాన్ వాళ్ళ బెంటో పెట్టె, అంటే అన్నం, కూరలు అరలు అరలుగా సర్దిన నల్లని లక్క పెట్టె. జపాన్‌లోని యమాటో కేంద్రంలో కజుహికో యమజాకి డిజైన్ పని చూస్తే, ఇంజనీరింగ్‌ను అరిమాసా నైతో నడిపించారు. అమెరికా నుంచి టామ్ హార్డీ ఐబీఎం డిజైన్ విభాగాన్ని ముందుండి నడిపారు.

బెంటో పెట్టె మనకు అలవాటైన వస్తువు కాదు. మన ఇళ్ళలో దానికి దగ్గరిది వెతికితే కుంకుమ భరిణె కనిపిస్తుంది. మూసి ఉంటే నున్నటి చెక్క ముక్క, తెరిస్తే లోపల ఎర్రగా ఒక మెరుపు. సాపర్ చేసింది అచ్చంగా అదే. మూసినప్పుడు ఇది ఏ కంపెనీ కంప్యూటరో కూడా పట్టించుకోనక్కర్లేని ఒక నల్ల పెట్టె. తెరిచాకే తెర, కీబోర్డు, వాటి నడుమ ఎర్రటి చుక్క. మిగతా కంపెనీలు ఎక్కువగా బూడిదరంగు, మీగడరంగు ప్లాస్టిక్కుతో తయారుచేస్తున్న రోజుల్లో నలుపు వేయడం చిన్న సాహసం కాదు. తెర చుట్టూ ఉన్న అంచు కూడా మెరుపులేని నలుపే కావడం వల్ల కన్ను అటూ ఇటూ పోకుండా అక్షరాల మీదే నిలుస్తుంది. ఆరేడు గంటలు ఏకబిగిన పనిచేసేవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

ఎర్ర చుక్క పని

ఆ చుక్క పేరు ట్రాక్‌పాయింట్. ఐబీఎం పరిశోధకుడు టెడ్ సెల్కర్ దీన్ని రూపొందించారు. ఆయన్ను పట్టి కుదిపిన అంకె చాలా చిన్నది. కీబోర్డు మీది చేయి మౌస్ దగ్గరికి వెళ్ళడానికి దాదాపు ముప్పావు సెకను పడుతుంది, తిరిగి రావడానికి మళ్ళీ అంతే. రోజుకు కొన్ని వందల సార్లు చేయి అలా తిరుగుతుంటే పోయే సమయం ఎంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. సమయం కంటే పెద్ద నష్టం, ఆలోచన తెగిపోవడం. అందుకే వేళ్ళు కదలనక్కర్లేని చోట, జీ, హెచ్, బీ కీల మధ్య సందులో, చిన్న పుల్లను నిలబెట్టారు.

కొత్తవాళ్ళు దాన్ని వీడియో గేమ్ జాయ్‌స్టిక్‌లా అటూ ఇటూ వంచబోతారు. అది వంగదు. కింద ఉన్న సెన్సర్లు వేలి ఒత్తిడిని మాత్రమే కొలుస్తాయి. మెల్లగా ఒత్తితే బాణం మెల్లగా, గట్టిగా ఒత్తితే వేగంగా కదులుతుంది. ఒత్తిడికీ వేగానికీ మధ్య ఈ లెక్కను కుదర్చడానికే సెల్కర్ బృందానికి ఎక్కువ శ్రమ పట్టింది. చిన్న గుర్తు మీద బాణాన్ని ఆపాలన్నా, తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క తోపుతో పంపాలన్నా ఒకే వేలితో సాధ్యం కావాలి మరి. చేయి అలవాటు పడటానికి వారం పడుతుంది. ఆ వారం ఓపిక పట్టనివాళ్ళు దీన్ని తిడతారు, పట్టినవాళ్ళు ఇంకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా ఆ చుక్క కోసం వెతుక్కుంటారు.

హైదరాబాద్ వాతావరణానికి ఇది ఇంకో రకంగా కలిసొచ్చింది. మే నెలలో ఫ్యాను గాలి కింద పనిచేస్తుంటే వేళ్ళకు చెమట పడుతుంది. టచ్‌ప్యాడ్ ఆ తడికి తికమకపడి బాణాన్ని ఎటో విసిరేస్తుంది. ట్రాక్‌పాయింట్ కొలిచేది ఒత్తిడిని కాబట్టి దానికి చెమటతో పనిలేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఒళ్ళో పెట్టుకుని, మోచేతులు పక్కలకు జరపడానికి చోటులేక పనిచేసేటప్పుడు కూడా అంతే. 2008లో వచ్చిన ఎక్స్200లో అసలు టచ్‌ప్యాడే ఇవ్వలేదు. ఆ చుక్క మీద డిజైనర్లకు అంత నమ్మకం.

ఒక లక్షణం మాత్రం పాత మెషీన్ కొన్నవాళ్ళను కంగారు పెడుతుంది. వేలు తీసేశాక కూడా బాణం తనంతట తానే ఒక పక్కకు జారుతూ ఉంటుంది. పాడైందనుకుని షాపుకు పరిగెత్తనక్కర్లేదు. సెన్సర్ తన సున్నాను మళ్ళీ సరిచూసుకుంటోందన్నమాట. వేలు పెట్టకుండా రెండు మూడు సెకన్లు వదిలేస్తే ఆగిపోతుంది. పైన ఉండే ఎర్ర రబ్బరు టోపీ అరిగితే వేలు జారుతుంది. టోపీని లాగేసి కొత్తది పెట్టడమే, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

తెలుగు రాసేవాడి కీబోర్డు

2011 వరకు వచ్చిన చాలా థింక్‌ప్యాడ్ల కీబోర్డుకు ఏడు వరసలు ఉండేవి. ఆ ఏడాది వచ్చిన టీ420, ఎక్స్220 మోడళ్ళతో ఆ వంశం ముగిసింది. ప్రతి కీ మధ్యలో వేలి కొనకు సరిపడే పల్లం ఉంటుంది. వేలు కాస్త పక్కకు పడ్డా ఆ పల్లమే దాన్ని నడిమికి లాగుతుంది. ఎఫ్ కీలు నాలుగేసి చొప్పున గుంపులుగా ఉంటాయి, మధ్యలో ఖాళీ. కుడి పైమూలలో ఇన్సర్ట్, డిలీట్, హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్ అన్నీ పెద్ద కీబోర్డులో ఉన్నట్టే ఒకచోట. తల వంచి చూడకుండా చేతి స్పర్శతోనే ఎక్కడ ఏముందో తెలిసిపోతుంది.

ఇంగ్లిష్‌లో ఈమెయిల్ రాసేవాడికి ఇది సుఖం. తెలుగు టైపు చేసేవాడికి ఇది అవసరం. భారతీయ భాషల టైపింగ్‌కు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: మొత్తం ఆరు నొక్కులు. ‘క్ష’కు మూడు, అందులో ఒకటి షిఫ్ట్‌తో కలిపి. ఒత్తులు, గుణింతాలతో నిండిన పేరా రాయడానికి పడే నొక్కులు చూస్తే, కీ ఎంత లోతుకు దిగుతుంది, దిగినట్టు వేలికి ఎంత కచ్చితంగా తెలుస్తుంది అన్నవి చిన్న విషయాలు కావు. నొక్కు పడిందో లేదో అనుమానం వచ్చిన ప్రతిసారీ కన్ను తెర మీదికి, మళ్ళీ కీల మీదికి పరిగెడుతుంది. పాత థింక్‌ప్యాడ్ కీబోర్డు ఆ అనుమానాన్ని రానివ్వదు. చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ పని చేసేవాళ్ళలో ఎవరైనా దీని మీద ఒక్క గంట టైపు చేసి చూస్తే ఇంకో వివరణ అక్కర్లేదు.

లోపం లేకపోలేదు. ఎడమ కింది మూలలో కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ కీ ఉంటుంది. కాపీ చేయబోయిన వేలు ముందు దాని మీదే పడుతుంది. కొన్నాళ్ళకు బయాస్‌లో, అంటే మెషీన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాంలో, ఆ రెండింటినీ మార్చుకునే వీలు ఇచ్చారు గానీ, చాలాకాలం వాడినవాళ్ళే సర్దుకోవాల్సి వచ్చింది.

కీబోర్డు మీదికి వెలుతురు తెచ్చిన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కీల కింద నుంచి లైటు వస్తుంది. పాత థింక్‌ప్యాడ్లలో తెర పై అంచున చిన్న దీపం ఉండేది. పేరు థింక్‌లైట్. ఎఫ్ఎన్, పేజ్ అప్ కలిపి నొక్కితే వెలిగేది. ఈ రెండు కీలు కీబోర్డులో ఎదురెదురు మూలల్లో ఉంటాయి కాబట్టి చీకట్లో కూడా తడిమి పట్టుకోవచ్చు. అది కీల మీదే కాదు, కీల మీద పెట్టుకున్న కాగితం మీద కూడా పడేది. ఒక గదిలో నలుగురు పడుకునే హాస్టల్లో, ముగ్గురు నిద్రపోతుంటే నోట్స్ చూసుకుంటూ టైపు చేసే కుర్రాడికి ట్యూబ్‌లైట్ వేయాల్సిన అవసరం తప్పించిన దీపం అది. కరెంటు కోతల రోజుల్లో దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. కీల కింది లైటుకు ఈ ఉపకారం చేతకాదు.

1995లో వచ్చిన 701సీ గురించి ఒక మాట. చిన్న పెట్టెలో పెద్ద కీబోర్డు పట్టించాలన్న పంతంతో జాన్ కరిడిస్ అనే ఇంజనీరు కీబోర్డును మెట్లు మెట్లుగా రెండు ముక్కలు చేశారు. మూత తెరుస్తుంటే ఆ రెండు ముక్కలూ ఒకదాని పక్కకు ఒకటి జారి, పెట్టె అంచులు దాటి 11.5 అంగుళాల కీబోర్డుగా విచ్చుకునేవి. సీతాకోకచిలుక అని పేరు పడింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం దాన్ని తన సేకరణలో పెట్టుకుంది. తెరలు పెద్దవి కావడంతో పెట్టె కూడా వెడల్పు అయింది, ఆ విద్యతో పని లేకుండా పోయింది.

బోర్లా తిప్పితే

ఇప్పుడు మెకానిక్ చూపు దగ్గరికి. టీ420నో ఎక్స్220నో బోర్లా తిప్పి చూస్తే కొన్ని స్క్రూల పక్కన చిన్న బొమ్మలు చెక్కి ఉంటాయి. కీబోర్డు బొమ్మ ఉన్న స్క్రూలు తీస్తే కీబోర్డు ఊడుతుంది. ర్యామ్ బొమ్మ ఉన్న మూత తీస్తే ర్యామ్ చేతికి వస్తుంది. ఎక్స్220లో హార్డ్ డిస్క్‌కు ఒక్క స్క్రూ, పక్కన ఉన్న చిన్న మూత లాగితే డిస్క్ బయటికి వస్తుంది. బ్యాటరీకి స్క్రూ కూడా లేదు, గొళ్ళెం జరిపితే చాలు. వస్తువును తయారుచేసినవాడే దాన్ని ఎలా విప్పాలో దాని ఒంటి మీదే రాసిపెట్టాడు.

దీనికి తోడుగా ప్రతి మోడల్‌కూ హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ ఉండేది. దాన్ని కంపెనీ దాచుకోలేదు, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. విప్పే ప్రతి దశకూ 1010, 1020 అంటూ ఒక నంబరు. ఫలానా భాగం తీయాలంటే ముందు ఏయే నంబర్ల భాగాలు తీయాలి, ఏ స్క్రూ ఎంత పొడవు, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి విడిభాగానికీ ఎఫ్ఆర్‌యూ నంబరు అని ఒకటి ఉంటుంది. తెర కావాలన్నా, ఫ్యాను కావాలన్నా మోడల్ పేరు చెప్పి తంటాలు పడకుండా ఆ నంబరు చెబితే సరిపోతుంది. హైదరాబాద్ మెకానిక్‌లలో చాలామంది ఏ కంపెనీ సర్వీసు సెంటర్లోనూ శిక్షణ తీసుకున్నవాళ్ళు కారు. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకు ఈ మాన్యువల్ ఒక గురువు లాంటిది.

కీబోర్డు కింద ఇంకో ఏర్పాటు ఉంది. మీద నీళ్ళు ఒలికితే మదర్‌బోర్డు మీద పడకుండా కాలువల్లోంచి పారి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి కిందికి కారిపోతాయి. ప్రకటనల్లో దీన్ని నీళ్ళతో చూపించేవాళ్ళు. ఇక్కడి బల్లల మీద ఒలికేది నీళ్ళు కాదు, చాయ్. పాలు, చక్కెర కలిసిన చాయ్ కారిపోయినా దాని జిగురు కీల కింద మిగిలిపోతుంది, రెండు రోజులకు కీలు అతుక్కుంటాయి. అంటే ఆ కాలువలు కాపాడేది కీబోర్డును కాదు, మదర్‌బోర్డును. డిజైనర్లకు ఆ సంగతి తెలుసు. కాబట్టే కీబోర్డును కొన్ని స్క్రూలతో ఊడదీసి కొత్తది పెట్టేలా చేశారు. ఖరీదైనదాన్ని కాపాడటానికి చవకైనది బలి అవుతుంది, ఆ చవకైనదాన్ని పది నిమిషాల్లో మార్చవచ్చు. కాలువ ఒక్కటే ఉండి కీబోర్డు ఊడకపోయినా, కీబోర్డు ఊడి కాలువ లేకపోయినా ఈ లెక్క కుదరదు. ఈ సిరీస్ మొత్తంలో ఇంతకంటే తెలివైన జోడింపు ఇంకోటి కనిపించదు.

2003లో టీ41తో వచ్చిన ఏర్పాటు కూడా ఇలాంటి ముందుచూపే. లోపలున్న సెన్సర్ మెషీన్ పడిపోతోందని పసిగట్టగానే హార్డ్ డిస్క్ మీది హెడ్‌ను పక్కకు జరిపేస్తుంది, తిరిగే పళ్ళెం మీద గీత పడదు. తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డీలు వచ్చాక దానితో పనిలేదు.

అల్ట్రాబే అని పక్కన ఒక అర ఉండేది. సీడీ డ్రైవును లాగేసి అక్కడే ఇంకో హార్డ్ డిస్క్ గానీ, కొన్ని మోడళ్ళలో అదనపు బ్యాటరీ గానీ పెట్టుకోవచ్చు. సీడీలు పోయిన కాలంలో కూడా ఆ అర వృథా కాలేదు. చార్జర్ల సంగతీ అంతే. 2006 నాటి టీ60 నుంచి 2012 నాటి టీ430 దాకా ఒకే గుండ్రటి పిన్ను, అదే 20 వోల్టులు. ఆరేడేళ్ళ మోడళ్ళన్నిటికీ ఒకే చార్జర్ సరిపోవడం అంటే, ఒక కంపెనీ ఐటీ విభాగానికి ఎంత సౌకర్యమో, పాత సామాను షాపుకు అంతకు రెట్టింపు సౌకర్యం.

గట్టి మెషీన్లకూ జబ్బులు ఉంటాయి

ఈ సిరీస్‌ను అభిమానించేవాళ్ళు ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయాలు కొన్ని ఉన్నాయి. టీ40, టీ41, టీ42 మోడళ్ళలో మెషీన్‌ను ఒక మూల పట్టుకుని ఎత్తితే బాడీ కాస్త వంగేది. ఆ వంపు ఏళ్ళ తరబడి పడి పడి గ్రాఫిక్స్ చిప్ కింద ఉన్న టంకం చుక్కలు బోర్డు నుంచి విడిపోయేవి. తెర మీద గీతలు, ఆపైన నలుపు. చిప్ లెవెల్ సర్వీసు అని బోర్డు పెట్టుకున్న షాపుల్లో హాట్ గన్‌తో వేడిచేసి మళ్ళీ అతికించేవాళ్ళు, లేదంటే చిప్ ఊడదీసి కొత్త టంకం చుక్కలు వేసేవాళ్ళు, దాన్నే రీబాలింగ్ అంటారు. వేడి ఇచ్చి అతికించింది సాధారణంగా ఎక్కువకాలం నిలవదు. ఆ తర్వాతి టీ60లో మదర్‌బోర్డును మెగ్నీషియం చట్రంలో బిగించారు. రోల్ కేజ్ అని పేరు పెట్టారు, రేసు కార్లలో డ్రైవరు చుట్టూ ఉండే ఇనుప పంజరం పేరది. టీ61కు వచ్చేసరికి తెర వెనక కూడా ఆ చట్రం వచ్చింది. అయితే టీ61లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న రకానికి వేరే జబ్బు పట్టింది. ఈసారి లోపం చిప్ తయారీలోనే. 2008లో ఎన్‌విడియా అలాంటి చిప్‌ల ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఎంత గట్టి చట్రమైనా లోపలి చిప్ బలహీనతను కాపాడలేదు. అదే టీ61లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవి ఇంకా నడుస్తున్నాయి.

తెర ఈ సిరీస్ అసలైన బలహీనత. పక్క నుంచి చూస్తే రంగులు మారిపోయే చవక ప్యానెళ్ళను ఏళ్ళ తరబడి అంటగట్టారు. టీ60లో కొన్నిటికి, ఎక్స్220లో కోరుకున్నవాళ్ళకు పక్క నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ తెర ఇచ్చారు గానీ కంపెనీలు సాధారణంగా చవకదే కొన్నాయి. తెలుగు చదివేవాళ్ళకు ఇంకో నష్టం కూడా జరిగింది. తెలుగు అక్షరం కింద ఒత్తు, పైన గుడి, తలకట్టు ఉంటాయి కాబట్టి వరసకూ వరసకూ మధ్య చోటు ఎక్కువ కావాలి. టీ60లో 1400కు 1050 చుక్కల చదరపు మాదిరి తెర దొరికేది. టీ420కు వచ్చేసరికి మామూలు తెర అడ్డంగా సాగి 1366కు 768 అయింది. నిలువున దాదాపు మూడు వందల చుక్కలు పోయాయి. ఇంగ్లిష్ పేజీలో పోయిన వరసల కంటే తెలుగు పేజీలో పోయింది మనకు ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే మొదటినుంచీ మన పేజీలో పట్టే వరసలే తక్కువ. సినిమాల కోసం వెడల్పు చేసిన తెరను రాతపని చేసేవాళ్ళ నెత్తిన రుద్దిన కాలం అది, ఒక్క థింక్‌ప్యాడ్‌దే తప్పు అనలేం.

ఈ ఊరికి ఎలా చేరాయి

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్ వైపు ఒక్కో కంపెనీ వచ్చి చేరింది. పెద్ద కంపెనీలు ల్యాప్‌టాప్‌లను ఎక్కువగా మూడు నాలుగేళ్ళ లీజుకు తీసుకుంటాయి. గడువు తీరగానే వందల మెషీన్లు ఒకేసారి బయటికి వస్తాయి. ఒకే మోడల్, ఒకే చార్జర్, ఒకే రకం విడిభాగాలు. వీటినే మార్కెట్లో లాట్ అంటారు. పది మెషీన్లలో రెండు పాడైతే ఆ రెండింటి తెరలు, హింజ్‌లు, కీబోర్డులు మిగతా ఎనిమిదింటికి ప్రాణం పోస్తాయి. విప్పడానికి వీలైన డిజైన్ ఉంటేనే ఈ వ్యాపారం నడుస్తుంది. కంపెనీ ఉద్యోగి ఒక్క పూట కూడా ఖాళీగా కూర్చోకూడదని 1992లో వేసిన లెక్క, పాతికేళ్ళ తర్వాత జిల్లాల నుంచి బస్సు దిగి అమీర్‌పేటలో కోర్సులో చేరిన పిల్లలకు అందుబాటు ధరలో మెషీన్‌గా మారింది. ఐబీఎం వాళ్ళు ఈ రెండో యజమానిని ఊహించి ఉండరు. కానీ మొదటి యజమాని కోసం నిజాయితీగా చేసిన పని ఇతనికీ దక్కింది.

2004 డిసెంబర్‌లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్ముతున్నట్టు ప్రకటించింది, 2005 మేలో అది పూర్తయింది. డిజైన్ చెడిపోతుందని అప్పుడు చాలామంది భయపడ్డారు. వెంటనే అలా జరగలేదు. యమాటో బృందం కొనసాగింది, పైన చెప్పుకున్న టీ60, ఎక్స్200, టీ420 అన్నీ లెనోవో కాలంలోవే. మార్పు 2012లో మొదలైంది. టీ430, ఎక్స్230లతో కీబోర్డు ఆరు వరసలకు తగ్గింది, కీలు విడివిడి పలకలయ్యాయి. అదే తరంలో బ్యాటరీ కంపెనీదేనా కాదా అని మెషీన్ తనిఖీ చేయడం మొదలైంది, బయటి బ్యాటరీ పెడితే చార్జ్ చేయనంటుంది. 2013లో టీ440తో ట్రాక్‌పాయింట్ కింద ఉండే మూడు బటన్లనే తీసేశారు. వాడేవాళ్ళు గట్టిగా అడగడంతో 2015లో టీ450తో తిరిగి వచ్చాయి. 2017లో పాతికేళ్ళ పండుగ సందర్భంగా టీ25 అని ఒక ప్రత్యేక మోడల్‌ను ఏడు వరసల కీబోర్డుతో తెచ్చారు. పాత కీబోర్డును జనం మరిచిపోలేదని కంపెనీకి తెలుసనడానికి అదే సాక్ష్యం.

2018 నాటి టీ480 ఈ కథలో చివరి మంచి మలుపు. లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసే ఇంకో బ్యాటరీ. మెషీన్ నడుస్తుండగానే వెనకది మార్చుకోవచ్చు. ర్యామ్‌కు రెండు స్లాట్లు. ఆ మరుసటి మోడల్ టీ490లో ఊడే బ్యాటరీ పోయింది, ర్యామ్‌లో సగం బోర్డుకే అతికిపోయింది. సన్నబడటానికి చెల్లించిన మూల్యం అది. లాట్‌లో అలాంటి మెషీన్ వచ్చి దాని ర్యామ్ చెడితే, ఆ రెండో యజమానికి మిగిలే దారి చిప్ లెవెల్ షాపే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోవడం మార్కెట్‌ను రెండుగా చీల్చింది. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న టీ480లో విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. టీ420, ఎక్స్220 లాంటివాటికి ఆ అర్హత లేదు. వాటిమీద విండోస్ బదులు లినక్స్ వేసుకోవడమే సరైన దారి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ లినక్స్‌లో ముందే ఉంటుంది, సెట్టింగుల్లో ఎంచుకుంటే చాలు. రాతపనికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఎస్ఎస్‌డీ వేసిన ఎక్స్220 ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనులకు దాన్ని కొనడం తప్పు.

కొనే ముందు చూడాల్సినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. కంపెనీలు బయాస్‌కు ఇది పెడతాయి, మెషీన్ అమ్మేటప్పుడు తీయడం మరిచిపోతాయి. ఇది బోర్డు మీద విడిగా ఉన్న చిప్‌లో దాక్కుంటుంది, మామూలు కంప్యూటర్లలోలా చిన్న బ్యాటరీ పీకేస్తే పోదు. అందుకే షాపులోనే మెషీన్ ఆన్ చేసి ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్ళాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్‌ను అక్కడే వదిలేయాలి. తర్వాత వై-ఫై కార్డు. టీ420, ఎక్స్220 కాలం నాటి బయాస్‌కు తన జాబితాలో లేని కార్డు పెడితే 1802 అన్న ఎర్రర్ చూపించి మెషీన్ ముందుకు కదలదు. కాబట్టి ఉన్న కార్డు పనిచేస్తోందో లేదో అక్కడే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూసుకోవడం మంచిది. లాట్‌లో వచ్చిన మెషీన్లకు డేటా భయంతో హార్డ్ డిస్క్ పీకేసి ఇస్తారు, దాంతోపాటు డిస్క్ మూత, పక్కన ఉండే రబ్బరు పట్టీలు కూడా పోతాయి. అవి లేకపోతే కొత్త ఎస్ఎస్‌డీ లోపల వదులుగా కదులుతుంది. మూత తెరిచి హింజ్ రెండు వైపులా సమంగా బిగువుగా ఉందో లేదో చూడాలి. చివరగా మెషీన్‌ను బోర్లా తిప్పి, కీబోర్డు బొమ్మ ఉన్న స్క్రూల తలలు చూడాలి. అవి అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటే, ఇంతకుముందు ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారని అర్థం.